హెచ్‌ఓఏ కార్యదర్శి పాఠాలు – 6: లెక్క అయిపోయిన బ్యాలెట్లను ఎన్నాళ్లు ఉంచాలి?

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. మీ హెచ్‌ఓఏలో, అంటే అమెరికాలో ఒక కాలనీ ఇళ్ల యజమానుల సంఘంలో, జరిగిన చివరి ఎన్నిక కాగితాలు ఇప్పుడు ఎక్కడున్నాయో, ఎవరి దగ్గరున్నాయో కనుక్కొని రాసుకోమన్నాను. జవాబు ఒక్క వాక్యంలో దొరికితే మీరు అదృష్టవంతులు. నేను కార్యదర్శి అయిన ఏడాది ఇదే అడిగితే మూడు జవాబులు వచ్చాయి. బ్యాలెట్లు మేనేజ్‌మెంట్ కంపెనీ బీరువాలో ఉన్నాయి. సంతకాల పట్టిక పాత అధ్యక్షుడి గ్యారేజీలో ఉంది. బ్యాలెట్లు వచ్చిన కవర్ల మాట ఎవరికీ తెలియదు. లెక్కింపు జరిగిన రాత్రే చెత్తబుట్టలో పడి ఉంటాయని ఒకాయన నింపాదిగా అన్నారు.

ఆ కవర్ల దగ్గరే ఈ పాఠం మొదలుపెడదాం. ఎన్ని రోజులు దాచాలన్న ప్రశ్న కన్నా ముందు ఏమి దాచాలన్నది తేలాలి. చాలా బోర్డులు అక్కడే తప్పులో కాలేస్తాయి.

బ్యాలెట్ ఒక్కటే ఉంటే చాలదు

ఎన్నిక మీద అభ్యంతరం చెప్పే సభ్యుడు మీ కూడికను ప్రశ్నించడం అరుదు. ఆయన అడిగేది వేరుగా ఉంటుంది: ఆ ఇంటికి ఓటు హక్కు ఉందా, ఒకే ఇంటి నుంచి రెండు వచ్చాయా, గడువు దాటాక వచ్చినదాన్ని ఎందుకు కలిపారు, నాది ఎందుకు తీసేశారు? రహస్య బ్యాలెట్ మీద పేరుండదు కాబట్టి వీటిలో ఒక్కదానికీ అది జవాబు చెప్పలేదు. చెప్పగలిగేవి కవరు, ఓటర్ల జాబితా, సంతకాల పట్టిక.

కాలిఫోర్నియా పద్ధతి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. అక్కడ రహస్య బ్యాలెట్‌కు రెండు కవర్లు. బ్యాలెట్‌ను పేరూ చిరునామా లేని లోపలి కవరులో పెట్టి అంటిస్తారు. దాన్ని బయటి కవరులో పెట్టి, ఎడమ వైపు పై మూలలో పేరు, చిరునామా రాసి సంతకం చేస్తారు. లెక్కింపు రోజున ఆ రెండూ విడిపోతాయి. అప్పటి నుంచి బయటి కవరు ఎవరు ఓటు వేశారో చెబుతుంది, బ్యాలెట్ ఏమని వేశారో చెబుతుంది. రెండూ దాచాలి, కానీ ఒకే కట్టలో కలపకూడదు.

కాబట్టి మీ పెట్టెలో ఉండవలసినవి: లెక్కలోకి వచ్చిన బ్యాలెట్లు, సంతకాలున్న బయటి కవర్లు, ఎన్నిక నాటి ఓటర్ల జాబితా, మీ రాష్ట్రం అనుమతిస్తే ప్రాక్సీలు (తన బదులు ఓటు వేయమని సభ్యుడు మరొకరికి రాసిచ్చే కాగితాలు), సంతకాల పట్టిక, అభ్యర్థుల జాబితా, లెక్కింపు కాగితం. వీటితోపాటు అందరూ మరిచిపోయేది ఇంకొకటి ఉంది: తిరస్కరించినవి. సంతకం లేనివి, ఆలస్యంగా వచ్చినవి, ఒకే ఇంటి నుంచి వచ్చిన రెండోవి. వీటిని తెరవకుండా, ఒక్కొక్కదాని మీద కారణమూ తేదీ రాసి, వేరే కట్టగా కట్టండి. నన్నడిగితే పెట్టె మొత్తంలో జాగ్రత్తగా చూసుకోవలసిన కట్ట అదే. తగాదా వస్తే మొదట అడిగేది దాన్నే.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది

ఇక రోజుల లెక్క. చట్టం ఫలానా కాలం అన్నప్పుడు మన కళ్లు ఆ అంకె మీదే నిలుస్తాయి. దాని పక్కనున్న ‘ఎప్పటి నుంచి’ అన్న మాటను దాటేస్తాం. తేడా వచ్చేది అక్కడే.

ఫ్లోరిడాతో మొదలుపెడదాం, చట్టం సూటిగా చెప్పింది కాబట్టి. ఆ రాష్ట్ర చట్టాల 720వ అధ్యాయం హెచ్‌ఓఏలకు వర్తిస్తుంది. బ్యాలెట్లు, సంతకాల పట్టికలు, ప్రాక్సీలు, ఓటింగుకు సంబంధించిన ఇతర కాగితాలు, ఎలక్ట్రానిక్ రికార్డులు అన్నీ ఎన్నిక, ఓటు లేదా సమావేశం జరిగిన తేదీ నుంచి కనీసం 1 సంవత్సరం ఉంచాలి. సమావేశం మినిట్స్‌కు (చర్చలు, తీర్మానాలు రాసిపెట్టిన కాగితాలకు) మాత్రం అక్కడ 7 సంవత్సరాలు. బ్యాలెట్లనూ మినిట్స్‌నూ ఒకే ఫైలులో పెట్టి, ఏడాది కాగానే మొత్తం ష్రెడ్డర్‌లో వేస్తే మీరు చట్టాన్ని పాటిస్తూనే ఉల్లంఘించినట్టు!

అరిజోనాలోనూ 1 సంవత్సరమే. అక్కడ లెక్క ఎన్నిక పూర్తయిన నాటి నుంచి. బ్యాలెట్లు, కవర్లు, వాడి ఉంటే సంతకాల పట్టికలు కూడా కాగితంగానో ఎలక్ట్రానిక్ రూపంలోనో ఉంచి, సభ్యులు అడిగితే చూపించాలి. కవర్ల పేరు చట్టంలోనే ఉందని గమనించండి. కనెటికట్‌లోనూ ఓటుకు సంబంధించిన రికార్డులకు 1 సంవత్సరమే. వాషింగ్టన్ రాష్ట్రంలో 2018 జులై 1 నుంచి ఏర్పడిన సంఘాలకు వర్తించే చట్టమూ అదే చెబుతుంది.

ఇంతమంది ఒకే అంకె దగ్గర కలుసుకోవడంలో వింతేమీ లేదు. అమెరికా కార్మిక సంఘాల ఎన్నికలకు 1959 నాటి ఫెడరల్ చట్టం కూడా బ్యాలెట్లను 1 సంవత్సరం భద్రపరచమంది. దీనితో కలగలిపి కొందరు ‘22 నెలలు’ అంటుంటారు. అది అధ్యక్షుడు, కాంగ్రెస్ సభ్యుల వంటి ఫెడరల్ పదవుల ఎన్నికలకు 1960 నాటి చట్టం పెట్టిన గడువు. మన వీధి చివర ఈతకొలను కమిటీకి దానితో పని లేదు.

కాలిఫోర్నియా దగ్గర కాస్త ఆగాలి. అక్కడి సివిల్ కోడ్ 5125వ సెక్షను ‘ఇన్ని రోజులు దాచండి’ అనదు. బ్యాలెట్లు, సంతకం చేసిన కవర్లు, ఓటర్ల జాబితా, ప్రాక్సీలు, అభ్యర్థుల జాబితా ఎన్నికల ఇన్‌స్పెక్టర్ (ఎన్నిక నడిపి ఓట్లు లెక్కించే వ్యక్తి) అధీనంలో ఉండాలంటుంది. లెక్కింపు వరకే కాదు, ఎన్నికను కోర్టులో సవాలు చేసే గడువు ముగిసేదాకా. ఆ గడువు 5145వ సెక్షనులో ఉంది: 1 సంవత్సరం. అది ఫలితాన్ని ఇన్‌స్పెక్టర్ బోర్డుకూ సభ్యులకూ తెలియజేసిన తేదీ నుంచి కావచ్చు, దావాకు కారణం ఏర్పడిన తేదీ నుంచి కావచ్చు. రెంటిలో ఏది తర్వాత వస్తే అక్కడి నుంచి లెక్క.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఈ ఏడాదంతా పెట్టె మీది కాదు, ఇన్‌స్పెక్టర్‌ది. బోర్డు అధ్యక్షుడు ‘నా దగ్గర ఉంచుతాను, భద్రంగా ఉంటుంది’ అని ప్రేమగా అడిగినా ఇవ్వకూడదు. రెండోది, ఏడాది తర్వాత పెట్టెను సంఘానికి అప్పగించమని చట్టం చెప్పింది తప్ప నాశనం చేయమనలేదు. 2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన సవరణ ఎన్నికల సామగ్రిని సభ్యులు పరిశీలించగల సంఘం రికార్డులలో చేర్చింది. సంతకం చేసిన కవర్లను చూడవచ్చు కానీ నకళ్లు తీసుకోకూడదు. సంఘం రికార్డులను ప్రస్తుత ఆర్థిక సంవత్సరానికీ, దాని ముందరి రెండింటికీ సభ్యులకు అందుబాటులో ఉంచాలని 5210వ సెక్షను అంటుంది. ఈ రెంటినీ కలిపి చదివితే, ఏడాది కాగానే కాల్చిపారేయడం తొందరపాటని నా అభిప్రాయం. ఆ మూడు ఆర్థిక సంవత్సరాలూ గడిచేదాకా ఉంచడమే క్షేమం.

టెక్సాస్‌లో పరిస్థితి వేరు. 14కు మించి స్థలాలున్న సంఘాలకు రికార్డుల నిల్వ విధానం రాతపూర్వకంగా ఉండాలని ఆస్తి చట్టం 209వ అధ్యాయం చెబుతుంది. బైలాలు (సంఘం నియమావళి) శాశ్వతంగా, లెక్కల పుస్తకాలు 7 సంవత్సరాలు, సభ్యుల ఖాతాలు 5 సంవత్సరాలు, మినిట్స్ 7 సంవత్సరాలు అని వరుసగా లెక్క పెడుతుంది. ఆ వరుసలో బ్యాలెట్ లేదు. అంటే పారేయమని కాదు, మీ విధానంలో మీరే రాసుకోమని అర్థం చేసుకోవాలి.

రాసుకోవడానికి ఆధారం పక్క సెక్షనులోనే దొరుకుతుంది. సమావేశం తేదీ, ఫలితం ప్రకటించిన తేదీ, ఈ రెంటిలో తర్వాతిదాని నుంచి 15వ రోజులోగా సభ్యుడు తిరిగి లెక్కించమని కోరవచ్చు. ఖర్చు ఆయనే భరించాలి, ఫలితం మారితే సంఘం తిరిగి ఇవ్వాలి. ఆ 15 రోజులు పెట్టె కదలకూడదన్నది కనీస హద్దు. అంతటితో ఆగకండి. కోర్టుకు వెళ్లే దారి 16వ రోజున మూసుకుపోదు. చట్టం మౌనంగా ఉన్నచోట పైన చెప్పిన రాష్ట్రాల 1 సంవత్సరాన్నే తెచ్చుకొమ్మని నా సలహా.

మీ రాష్ట్రం పేరు ఇక్కడ లేకపోతే ఇలా చదవండి. మొదట రాష్ట్ర హెచ్‌ఓఏ చట్టంలో రికార్డుల సెక్షను, ఆ తర్వాత ఎన్నికను సవాలు చేసే గడువు, చివరగా మీ బైలాలు. మూడింటిలో ఏది ఎక్కువ కాలం చెబితే అదే మీ గడువు. ఒక్క జాగ్రత్త: కండోమినియంలకు (ఫ్లాటు ఎవరిది వారిదై, మిగతా భవనం ఉమ్మడిగా ఉండే సముదాయాలకు) చాలా రాష్ట్రాల్లో వేరే అధ్యాయం ఉంటుంది. ఫ్లోరిడాలో అది 718. మీది ఏదో చూసుకోకుండా అంకె వెతకవద్దు.

లెక్క కట్టి చూద్దాం

పెన్సిలు తీసుకోండి. జవాబు చదవకముందే మీరే ప్రయత్నించండి.

ఒకటి: ఫ్లోరిడాలో ఒక హెచ్‌ఓఏ 2025 మార్చి 18న ఎన్నిక జరిపింది. రెండు: కాలిఫోర్నియాలో ఒక సంఘం 2025 మే 20న ఓట్లు లెక్కించింది, ఇన్‌స్పెక్టర్ ఫలితాన్ని మే 23న బోర్డుకూ సభ్యులకూ తెలియజేశాడు, ఆర్థిక సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు. మూడు: టెక్సాస్‌లో సమావేశం 2025 అక్టోబరు 9న, ఫలితం ప్రకటించింది అక్టోబరు 14న.

మొదటిదానికి 2026 మార్చి 18 దాకా ముట్టుకోకూడదు. రెండోదానికి చాలామంది మే 20 నుంచి లెక్కిస్తారు, తప్పు. 2026 మే 23 దాకా పెట్టె ఇన్‌స్పెక్టర్ దగ్గరే ఉంటుంది. దావాకు కారణం ఆ తర్వాత ఏర్పడి ఉంటే ఇంకా ముందుకు జరుగుతుంది. తర్వాత సంఘానికి వస్తుంది, నా పద్ధతిలో 2027 డిసెంబరు 31 దాకా ఉంటుంది. 2025 నాటి కాగితం ముందరి రెండు సంవత్సరాల పరిధిలో నిలిచేది అప్పటిదాకానే. మూడోదానికి తిరిగి లెక్కింపు కోరే గడువు అక్టోబరు 29. అక్టోబరు 24 అని రాసినవారు సమావేశం తేదీ నుంచి లెక్కించారు, ‘తర్వాతిది’ అన్న మాట మళ్లీ చదవండి.

గడియారం ఆగిపోయే సందర్భం

పైన చెప్పినదంతా తగాదా లేనప్పటి మాట. సభ్యుడి నుంచి అభ్యంతరం రాతపూర్వకంగా వచ్చినా, వకీలు ఉత్తరం వచ్చినా, రికార్డులు చూపమన్న విన్నపం ఇంకా తేలకుండా ఉన్నా గడువు అక్కడే నిలిచిపోతుంది. ఆ రోజే మేనేజ్‌మెంట్ కంపెనీకి ఈమెయిల్ పంపండి: ఈ ఎన్నిక కాగితాలేవీ కదిలించవద్దు, నాశనం చేయవద్దు. వ్యవహారం పూర్తిగా, అప్పీలుతో సహా ముగిశాకే మళ్లీ లెక్క. దావా రాబోతోందని తెలిసి కూడా ‘మా విధానం ప్రకారం ఏడాది నిండింది’ అంటూ చింపేసిన బోర్డును ఏ జడ్జీ అమాయకుల కింద జమ కట్టడు.

మరి అన్నీ శాశ్వతంగా దాచేస్తే పోదా అని మీరు అడగవచ్చు. మా బోర్డులోనూ ఒకరు అడిగారు. కానీ టెక్సాస్ వంటి చోట్ల రహస్య పద్ధతి లేని ఎన్నికల్లో బ్యాలెట్ మీద సంతకం ఉంటుంది. లెక్కించినవారు ఎవరు ఎలా ఓటు వేశారో బయటపెట్టకూడదని అక్కడ చట్టం ఉంది. ఐదేళ్ల తర్వాత వచ్చే బోర్డు ఆ పెట్టె తెరిచి, తమకు ఓటు వేయని పొరుగింటివారి జాబితా తయారుచేసుకుంటే? అవసరం తీరిన రహస్యాన్ని ఇంట్లో పెట్టుకోవడం కూడా ప్రమాదమే.

విధానం రాయడం

పెద్ద పత్రం అక్కర్లేదు. బోర్డు తీర్మానంగా ఇంత ఉంటే చాలు: “ప్రతి ఎన్నిక బ్యాలెట్లు, కవర్లు, తిరస్కరించిన బ్యాలెట్లు, ఓటర్ల జాబితా, ప్రాక్సీలు, లెక్కింపు కాగితం ఫలితం ప్రకటించిన తేదీ నుంచి ఒక సంవత్సరం లేదా చట్టం కోరిన కాలం, ఏది ఎక్కువైతే అంతవరకు సీలు వేసి ఉంచబడతాయి. అభ్యంతరం పెండింగులో ఉంటే అది ముగిసేవరకు ఉంచబడతాయి. ఆ తర్వాత ఇద్దరి సమక్షంలో నాశనం చేసి, మినిట్స్‌లో నమోదు చేయాలి. ఫలితం, పోలైన ఓట్ల సంఖ్య మినిట్స్‌లో భాగంగా మినిట్స్ ఉన్నంతకాలం ఉంటాయి.” న్యాయవాదికి ఒకసారి చూపించి ఆమోదించండి.

పెట్టె సంగతి క్లుప్తంగా. లెక్కింపు ముగిసిన వెంటనే కట్టలు కట్టి, అంటించిన చోట లెక్కించినవారి సంతకాలు సగం కాగితం మీద, సగం టేపు మీద పడేలా తీసుకోండి. పైన ఎన్నిక తేదీ, ప్రతి కట్టలో ఎన్ని ఉన్నాయో, ఏ తేదీ వరకు తెరవకూడదో రాయండి. ఎవరైనా పరిశీలనకు తెరిస్తే తేదీ, పేర్లు, మళ్లీ సీలు వేసిన సమయం ఒక కాగితం మీద రాసి లోపల పెట్టండి. గ్యారేజీలు వద్దు. తడి, ఎలుకలు, విడాకులు, ఇల్లు అమ్మకాలు అన్నీ అక్కడే జరుగుతాయి.

వచ్చే పాఠానికి పని ఇది. మీ రాష్ట్ర చట్టంలో మూడు మాటలు వెతికి, సెక్షను సంఖ్యతో సహా నోటు పుస్తకంలో రాసుకోండి: ఎంత కాలం, ఎప్పటి నుంచి, ఎవరి అధీనంలో. పక్కనే మీ చివరి ఎన్నిక తేదీ వేసి పెట్టె తెరవదగిన రోజు లెక్కకట్టండి. ఏడో పాఠంలో కాగితం లేని ఎన్నికకు వస్తాం. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఎలక్ట్రానిక్ రహస్య బ్యాలెట్‌కు అనుమతి ఉంది కదా, అక్కడ కవరు స్థానంలో ఏమి దాచాలో చూద్దాం.