"బటన్ నొక్కితే ఏం రావట్లేదన్నా": ఎక్సెల్ మాక్రో బాక్సులు, ఫారాల తంటాలు

నేనుండేది నెల్లూరు. పనంతా ఎక్కువగా ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యలు కొనేవాళ్ల ఆఫీసుల్లో, అప్పుడప్పుడు చీమకుర్తి గ్రానైట్ యార్డుల్లో. వీళ్లకి లక్షలు పెట్టి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఉన్న ఎక్సెల్‌లోనే ఒక బటనుండి, అది నొక్కితే కౌంట్ (కేజీకెన్ని రొయ్యలు) ఎంత, కేజీలెంత, రేటెంత అని అడిగి బిల్లు తీసిపెట్టే మాక్రో ఉంటే చాలు. రాసిచ్చేది గంట పని, దానికొచ్చే ఫోన్లు మాత్రం ఏడాదంతా. ఆ ఫోన్లలో ఏమంటారో అట్టనే పెట్టి, దానెనక కారణమేంది, ఎట్టా సరిచేయాలి అనేది రాస్తన్నా.

"బటన్ నొక్కితే ఏం రావట్లేదన్నా"

ముందు ఫైలు పైన ఎర్ర పట్టీ ఉందా పసుపు పట్టీ ఉందా అని అడగండి. పసుపుదైతే ఎనేబుల్ కంటెంట్ నొక్కితే అయిపోద్ది. ఎర్రదైతే మాత్రం ఆ ఎనేబుల్ కంటెంట్ బటనే కనపడదు, ఎందుకంటే 2022 నుంచి మైక్రోసాఫ్ట్ వాళ్లు నెట్‌లోంచి దిగిన ఫైళ్లలో మాక్రోల్ని మొత్తంగా ఆపేశారు, మీరు మెయిల్లో పంపారు, ఆయన డౌన్‌లోడ్ చేసుకున్నాడు, విండోస్ దానికి "బయట్నించి వచ్చింది" అని ముద్రేసింది, అంతే. ఎక్సెల్ మూసేసి ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, జనరల్ ట్యాబ్‌లో కింద అన్‌బ్లాక్ అని ఉంటది, టిక్ పెట్టి ఓకే. మీ ఫైలే అని నమ్మకమున్నప్పుడే సుమా. కొంతమంది ఈ బాధ పడలేక సెట్టింగ్స్‌లో అన్ని మాక్రోలూ ఎనేబుల్ చేసేస్తారు, అది వీధి తలుపు తీసిపెట్టి నిద్రపోయినట్టే, చెయ్యొద్దు.

పట్టీ ఏదీ లేదంటే ఎవరో ఫైల్ని ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేసుంటారు, మాక్రోలు అందులో నిలవవు, ఎగిరిపోయుంటాయి. మీ దగ్గరున్న, మాక్రోలు నిలిచే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ కాపీ మళ్లీ ఇవ్వాల్సిందే.

ఇంకోటి ఈమధ్య ఎక్కువైంది. కొత్త కంప్యూటర్ కొన్నారు, అందులో ఆఫీస్ 2024 గానీ మైక్రోసాఫ్ట్ 365 గానీ ఉంది, బటన్ కనపడతది కానీ నొక్కితే రాయి నొక్కినట్టే. అది యాక్టివ్ఎక్స్ అనే పాత రకం బటన్, ఈ కొత్త ఆఫీసుల్లో యాక్టివ్ఎక్స్‌ని డిఫాల్ట్‌గానే ఆపేశారు. సెట్టింగ్ మార్చి మళ్లీ తెరవొచ్చు గానీ ఎందుకా తలనొప్పి, డెవలపర్ ట్యాబ్‌లో ఇన్సర్ట్ నొక్కితే రెండు వరసలు వస్తాయి, పైవరస ఫామ్ కంట్రోల్స్, కిందవరస యాక్టివ్ఎక్స్. పైవరసలో బటన్ తీసుకుని అసైన్ మాక్రో ఇచ్చేయండి. పాత యాక్టివ్ఎక్స్ బటన్లకి ప్రొజెక్టరో రెండో మానిటరో తగిలిస్తే నొక్కినప్పుడల్లా సైజు మారే జబ్బు కూడా ఉండేది, అదీ వదిలిపోద్ది.

"క్యాన్సిల్ కొట్టినా బిల్లు వచ్చేసింది"

ఇది మన తప్పే. ఒక్క ప్రశ్న అడిగే మామూలు ఇన్‌పుట్ బాక్స్‌లో క్యాన్సిల్ కొడితే ఖాళీ మాట తిరిగొస్తది, ఏం రాయకుండా ఓకే కొట్టినా అదే వస్తది, మాక్రోకి తేడా తెలియదు. అప్లికేషన్ డాట్ ఇన్‌పుట్ బాక్స్ వాడితే కాస్త నయం, టైప్ 1 అని పెడితే అంకెలు తప్ప తీసుకోదు, క్యాన్సిల్ కొడితే ఫాల్స్ ఇస్తది. ఈడే మెలిక. ఆ జవాబుని నేరుగా అంకెల వేరియబుల్లో పడేస్తే ఫాల్స్ కాస్తా సున్నా అయిపోద్ది, సున్నా రేటుతో బిల్లు ప్రింటయిపోద్ది. సరే ఫాల్స్‌తో సమానమా అని చూద్దామంటే మనిషి నిజంగా సున్నా కొట్టినా సమానమే అంటది. అందుకని జవాబుని వేరియంట్‌లో (ఏ రకం విలువైనా పట్టే వేరియబుల్) పట్టుకుని, విలువ ఏ రకమో చెప్పే వార్‌టైప్‌తో అది బూలియనా (ట్రూ/ఫాల్స్ రకం) కాదా చూసి, బూలియనైతే మాక్రోలోంచి బయటికొచ్చేయాలి.

"1,250 కేజీలు కొడితే ఒక్క కేజీకే బిల్లొచ్చింది"

ఇది నా చేతుల మీదుగా జరిగిందే. ఒక రొయ్యల ఆఫీసులో గుమస్తా చాలా పద్ధతైన మనిషి, అంకెల్లో కామా పెట్టనిదే ఆయనకి తృప్తుండదు. ఫారంలో టెక్స్ట్ బాక్స్‌లో 1,250 అని కొట్టాడు, నేనేమో దాన్ని వాల్ అనే ఫంక్షన్‌తో అంకెగా మార్చా. వాల్ ఏం చేస్తదంటే ఎడమ నుంచి చదువుకుంటా పోయి అంకె కానిది తగలగానే ఆగిపోద్ది, కామా తగిలింది, ఒకటి దగ్గరే ఆగింది. రేటు 400 అనుకోండి, 5,00,000 రావాల్సిన చోట 400 రూపాయల బిల్లు. ఎర్రర్ రాలేదు, హెచ్చరిక లేదు, నీటుగా ప్రింటయింది. చెరువు రైతు కాగితం చూసి నవ్వాడంట, నవ్వాడు కాబట్టి సరిపోయింది.

వాల్ తీసేసి సీడబుల్ పెట్టండి, అది కామాల్ని దాటుకుని 1,25,000ని కూడా సరిగ్గా చదువుద్ది. కాకపోతే ఖాళీ బాక్స్ ఇస్తే టైప్ మిస్‌మ్యాచ్ అని ఎర్రర్ 13 ఇస్తది, కాబట్టి ముందు ఈజ్‌న్యూమరిక్‌తో అంకేనా అని చూసి, కాదంటే "కేజీలు వెయ్యండి" అని చెప్పి కర్సర్‌ని మళ్లీ అదే బాక్స్‌లో పెట్టండి. దీనికి చెల్లెలు లాంటి తప్పు ఇంకోటుంది, రెండు కాటాల తూకం రెండు బాక్సుల్లో తీసుకుని మధ్యలో ప్లస్ పెడతారు, 40 కేజీలు, 35 కేజీలు కలిపితే 75 కాదు, 4035 వస్తది. బాక్స్‌లో ఉండేది మాట, అంకె కాదు, కూడేముందు మార్చాలి.

అసలింతకీ ఇన్ని బాక్సులెందుకని నాకు తర్వాత అనిపించింది. ఒకటి రెండు ప్రశ్నలైతే ఇన్‌పుట్ బాక్స్ సరే, ఆరు వరసగా పెడితే నాలుగోదాంట్లో తప్పు కొట్టినోడు వెనక్కి పోలేడు, మళ్లీ మొదట్నించీ మొదలెట్టాలి. ప్రశ్నలన్నీ ఒకే కిటికీలో ఉండే యూజర్‌ఫారం చూడ్డానికి దర్జాగా ఉంటది గానీ ప్రతి బాక్స్‌కీ చెకింగ్ మనమే రాయాలి. ఇప్పుడు నేను చేసేదేందంటే షీట్ మీదే నాలుగు గళ్లకి రంగేసి, డేటా వ్యాలిడేషన్‌తో కౌంట్‌కి డ్రాప్‌డౌన్, కేజీలకి అంకెలు మాత్రమే అని పెట్టి, పక్కన ఒక్క బటన్. 1,250 అని కొట్టినా ఎక్సెలే అంకెగా తీసుకుంటది. ఒక్కటే లోటు, వేరే చోట కాపీ చేసి పేస్ట్ చేస్తే వ్యాలిడేషన్ పట్టుకోదు, గడిలో ఉన్న వ్యాలిడేషనే పోయినా పోవచ్చు.

"జూన్ 5 బిల్లు మే 6లోకి పోయింది"

టెక్స్ట్ బాక్స్‌లో 05/06/2025 అని ఉన్న మాటని మాక్రో నేరుగా గడిలో పెడితే ఎక్సెల్ దాన్ని అమెరికా పద్ధతిలో నెల ముందు, తేదీ తర్వాత అని చదువుద్ది. 13 నుంచి పై తేదీలు తిరగబడవు కాబట్టి సగం నెల బాగానే ఉన్నట్టు కనపడి నెలాఖరు లెక్కలో దొరుకుద్ది. రోజు, నెల, సంవత్సరం మూడు కాంబో బాక్సుల్లో విడిగా తీసుకుని డేట్‌సీరియల్‌తో కలిపితే ఈ గొడవుండదు. క్యాలెండర్ బొమ్మ పెడదామని డేట్ పికర్ కంట్రోల్ జోలికి పోవద్దు, అది 32 బిట్ ఆఫీస్‌లోనే పనిచేస్తది. 2019 నుంచి ఆఫీస్ మామూలుగా 64 బిట్టే ఎక్కుతది, మీ దగ్గర ఆడిన ఫారం ఆడికి పోయాక తెరుచుకోనే తెరుచుకోదు.

"తెలుగులో రాస్తే అన్నీ ప్రశ్నార్థకాలే"

మాక్రో కోడ్ రాసే వీబీఏ ఎడిటర్ ఇంకా యూనికోడ్‌కి (అన్ని భాషల అక్షరాలకీ ఒకే పద్ధతి) ముందు పద్ధతిలోనే పనిచేస్తది, ప్రతి భాషకీ ఒక పాత కోడ్ పేజీ (అక్షరాల పట్టిక) ఉంటదని నమ్ముద్ది, విండోస్‌లో తెలుగుకి అట్టాంటిది లేనే లేదు. అందుకే కోడ్‌లో తెలుగు పేస్ట్ చేయగానే ???? అయిపోద్ది. తెలుగు మాటల్ని ఒక దాచిపెట్టిన షీట్ గళ్లల్లో పెట్టి ఆడ్నించి తెచ్చుకోవాలి. తెచ్చినా సరే మెసేజ్ బాక్స్‌లో మళ్లీ ప్రశ్నార్థకాలే, అదీ ఆ పాత పద్ధతిదే మరి. చిన్న యూజర్‌ఫారం చేసి, అందులో ఒక లేబుల్, ఒక ఓకే బటన్ పెట్టి, లేబుల్ ఫాంట్ గౌతమి గానీ నిర్మల యూఐ గానీ ఇచ్చి, ఫారం తెరిచేటప్పుడు లేబుల్ క్యాప్షన్‌కి ఆ గడిలో మాట ఇవ్వండి, చక్కగా కనపడతది. ఫారం పైపట్టీలో పేరు మాత్రం తెలుగులో రాదు, దాన్ని ఖాళీగా వదిలేయండి.

ఎక్సెల్‌కి బదులు లిబ్రేఆఫీస్ వాడేవాళ్లకి ఈ తిప్పల్లేదు, దాని మాక్రో భాష బేసిక్‌లో మెసేజ్ బాక్స్‌కి తెలుగు ఇస్తే తెలుగే చూపిస్తది. కానీ ఎక్సెల్‌లో చేసిన యూజర్‌ఫారాలు అందులో ఆడతాయనుకోవద్దు, దాని డైలాగ్ ఎడిటర్‌లో మళ్లీ కట్టుకోవాల్సిందే, తెరిచే ముందు డైలాగ్ లైబ్రరీని లోడ్ చేసే లైను మర్చిపోతే ఎర్రరొస్తది.

"ఫారం తెరిచి ఉంటే షీట్‌లో పాత రేటు చూడనీట్లేదు"

ఫారం మోడల్‌గా తెరుచుకుంది, అది మూసేదాకా వెనక షీట్ కదలదు. ఫారం ప్రాపర్టీస్‌లో షోమోడల్‌ని ఫాల్స్ చేయండి.

"హ్యాంగ్ అయిందన్నా, కరెంటు తీసెయ్యమంటావా?"

వద్దని చెప్పండి ముందు. వందల బిల్లులు ఒకేసారి తీసే మాక్రో అయితే లోపల పని జరుగుతానే ఉంటది, స్క్రీన్ మాత్రం బిగుసుకుపోద్ది. లూప్‌లో అప్లికేషన్ డాట్ స్టేటస్‌బార్‌కి "300లో 120 అయినాయి" అని రాయిస్తా మధ్యమధ్యలో డూఈవెంట్స్ (స్క్రీన్‌కి కదిలే సందిచ్చే లైను) పెడితే కింద అంకె కదులుతా కనపడతది, మనిషి ఆగుతాడు. పని అయ్యాక స్టేటస్‌బార్‌ని ఫాల్స్ చేయడం మర్చిపోవద్దు, నేనొకసారి మర్చిపోతే సాయంత్రం దాకా "300లో 300" అనే ఉండిందంట, ఇంకా అవలేదేమోనని టీ తాగి, మళ్లీ వచ్చి చూసి, అప్పుడు ఫోన్ చేశారు.