ముసురు పట్టకముందే పెరటి కోళ్ళకు పారుడు రోగాల జాగ్రత్తలు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు పెరటి కోళ్ళకు గండం రెండు విడతలుగా వస్తుంది. ఎండల్లో కొక్కెర తెగులు, ముసురు పట్టాక పిల్లల్లో రక్త పారుడు. కొక్కెర వైరస్ వల్ల వచ్చేది, దానికి మందు లేదు, టీకా ఉంది. రక్త పారుడు కాక్సీడియా అనే పరాన్నజీవి పని, దానికి మందు ఉంది. ఈ తేడా తెలియక రెండింటికీ ఒకే టెట్రాసైక్లిన్ గొట్టం విప్పి నీళ్ళలో కలిపేసేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఆ మందు కొక్కెరకూ పనిచేయదు, రక్త పారుడుకూ పనిచేయదు. పైగా మందు వేశాం కదా అని మూడు రోజులు ఎదురు చూస్తారు, ఈలోగా గంప ఖాళీ అవుతుంది.

వెనక్కి లెక్కపెట్టుకోండి

మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో మొదలవుతుంది. టీకా వేసిన తర్వాత కోడికి రక్షణ రావడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. టీకాకు వారం ముందే నులిపురుగుల మందు పోయాలి, కడుపునిండా పురుగులున్న కోడికి టీకా సరిగా పట్టదు. అంటే పురుగుల మందు మే నెల మధ్యలో, టీకా రోహిణి కార్తె ప్రవేశించేసరికి, అంటే మే 25 లోపు అయిపోవాలి. ఊళ్ళో అప్పటికే కొక్కెర కనిపిస్తే ఈ లెక్కతో పనిలేదు, ఆరోగ్యంగా ఉన్నవాటికి వెంటనే టీకా గురించి అడగండి.

పురుగుల మందుకు పశువుల మందుల షాపులో దొరికే 2.5 శాతం ఆల్బెండజోల్ ద్రావణం చాలు. మిల్లీలీటరులో 25 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల లెక్కన కిలోన్నర పెట్టకు 15 మిల్లీగ్రాములు, అంటే 0.6 మిల్లీలీటరు. సూది తీసేసిన 1 మిల్లీలీటరు సిరంజితో ముక్కు పక్క నుంచి నోట్లోకి కొద్దికొద్దిగా వదలండి. గొంతులోకి ఒక్కసారి చిమ్మితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనుషుల సీసాలో 5 మిల్లీలీటర్లకు 200 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి ఆ సీసాకు ఇదే కొలత వాడితే మోతాదు మించిపోతుంది. ఈకలు రాలుస్తున్న కోళ్ళకు కొత్త ఈకలు నిండేదాకా ఈ మందు ఆపండి. పోసిన తర్వాత వారం పది రోజులు గుడ్లు తినకండి, అమ్మకండి.

రెట్టలో బియ్యపు గింజల్లాంటి తెల్లటి ముక్కలు కదులుతుంటే అవి బద్దెపురుగు ముక్కలు. వాటికి ఈ మోతాదు చాలదు, పశువైద్యుణ్ణి అడిగి పెంచాలి. బద్దెపురుగు చీమలు, ఈగలు, పేడపురుగుల ద్వారా వస్తుంది. పేడకుప్ప పక్కనే కోళ్ళ గూడు ఉంటే ఎన్నిసార్లు మందు పోసినా మళ్ళీ వస్తుంది.

కొక్కెర టీకా విషయానికి వస్తే, 5 నుంచి 7 రోజుల పిల్లలకు లసోటా రకం గానీ ఎఫ్-1 రకం గానీ కంట్లోనో ముక్కు రంధ్రంలోనో ఒక చుక్క. నాలుగో వారంలో మళ్ళీ లసోటా. ఎనిమిది వారాలు దాటినవాటికి ఆర్2బి అనే రకం, రెక్క దగ్గర చర్మం కిందికి 0.5 మిల్లీలీటరు. ఆర్2బి చిన్న పిల్లలకు వేస్తే టీకాయే జబ్బై కూర్చుంటుంది. గుడ్లు పెట్టే పెట్టలు కొద్ది రోజులు గుడ్లు తగ్గిస్తాయి, కంగారు పడక్కర్లేదు. సీసాలో సాధారణంగా వంద మోతాదులు ఉంటాయి, కలిపిన రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్ళున్న ఇల్లు ఒక్కటే తెచ్చుకుంటే తొంభై మోతాదులు నేలపాలు. అందుకే వీధిలో నాలుగైదు ఇళ్ళు కలిసి, ఊళ్ళో పశువైద్యానికి సాయపడే ప్రాణిమిత్రతోనో లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరుతోనో ముందుగా మాట్లాడుకుని, తెల్లవారకముందే కోళ్ళు గూట్లో ఉండగా వేయించుకోవడం మేలు. ఐసు పెట్టిన ఫ్లాస్కులో రాని టీకాను వేయించుకోకండి. ఎండలో బండి డిక్కీలో వచ్చిన సీసా వట్టి నీళ్ళతో సమానం.

గూడు పొడిగా ఉంటే సగం జబ్బు ఉండదు

రక్త పారుడు ఎలా పాకుతుందో తెలిస్తే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. జబ్బు కోడి రెట్టలో పడే కాక్సీడియా గుడ్లు పడిన వెంటనే మరో కోడికి అంటవు. తడి, వెచ్చదనం, గాలి మూడూ దొరికితే ఒకటి రెండు రోజుల్లో ముదిరి జబ్బు అంటించే దశకు వస్తాయి. మన జూన్, జూలై నెలల్లో ఆ మూడింటికీ కొదవ ఉండదు. రోజూ ఉదయం రెట్ట ఎత్తేసి, తడిసిన ఊక తీసేసి, పొడి ఊక వేస్తే అవి ముదిరే లోపే బయటికి పోతాయి. ఫినాయిలు, బ్లీచింగు చల్లి ఊరుకుంటే ఈ గుడ్లు చావవు. వాటిని చంపేది ఎండ, ఆరుదల.

కాబట్టి వానలకు ముందే గూడు నేలను పెరటి మట్టం కంటే అడుగు ఎత్తు చేయండి. చూరు నీళ్ళు గోడ మొదట్లో పడకుండా ముందుకు దించండి. ఊక రెండు మూడు అంగుళాల మందాన పరవండి, గుప్పిట పట్టి వదిలితే ఉండ కట్టకూడదు. తడి పీల్చడానికి వంద చదరపు అడుగులకు కిలో చొప్పున పొడి సున్నం కలిపి, ఒక పూట ఆరనిచ్చి తర్వాతే కోళ్ళను వదలండి. పెద్ద కోడికి రెండు చదరపు అడుగుల చోటు ఇవ్వండి. ఆరు కోళ్ళ గూట్లో పన్నెండు దూరిస్తే పొడి ఊక మూడు రోజులు కూడా నిలవదు.

ఊక తడిసేది ఎక్కువగా వానకు కాదు, నీళ్ళ గిన్నెకు. కోళ్ళు కాళ్ళతో తొక్కే పళ్ళెం తీసేసి, నీళ్ళ గిన్నెను అంచు కోడి వీపు ఎత్తున ఉండేలా ఇటుక మీద పెట్టండి. పిల్లల్ని పెద్దవాటితో ఒకే నేల మీద ఉంచకండి. పెద్ద కోడి పైకి బాగానే ఉండి రెట్టలో పరాన్నజీవిని వదులుతూనే ఉంటుంది.

గుణుపురం సంతలోనో గెడ్డ అవతలి పాతపట్నంలోనో కొన్న కోడిని ఆ రోజే గూట్లో కలపకండి. రెండు మూడు వారాలు వేరే గంప కింద, వేరే నీళ్ళతో ఉంచండి. ముందు మీ కోళ్ళకు మేత వేసి, ఆ తర్వాత దాని దగ్గరికి వెళ్ళండి.

మేత మీద కూడా ఒక కన్ను వేయండి. ముసురులో మొక్కజొన్న, వేరుశనగ చెక్క, చోళ్ళు బూజు పడతాయి. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కడిగినా వేయించినా పూర్తిగా పోదు. నల్లబడ్డ గింజలు ఏరి మిగతాది కోళ్ళకు వేద్దామనుకోవద్దు, ముక్క వాసన వచ్చిన బస్తాను పారేయాల్సిందే.

పొద్దున్నే రెట్ట చూడండి

గూడు తలుపు తీయగానే రెట్టల పలక మీద చూపు పెట్టండి. మంచి రెట్ట గోధుమ, బూడిద రంగుల్లో గట్టిగా, పైన తెల్లటి మూతతో ఉంటుంది. ఎనిమిది పదింటిలో ఒకటి జిగటగా, చాక్లెట్ రంగులో, గట్టి కంపుతో పడుతుంది. అది ముడ్డిపేగు (సీకం అనే గుడ్డి పేగు) నుంచి వచ్చే మామూలు రెట్ట, దాన్ని చూసి మందులు మొదలుపెట్టకండి. పొదిగే పెట్ట రోజుకు ఒకటి రెండుసార్లే పెద్ద ముద్దగా కంపు కొట్టేది వేస్తుంది, అదీ రోగం కాదు. ఎండ మండే రోజున నీళ్ళు ఎక్కువ తాగి పలుచగా వేసినా అంతే.

ఆకుపచ్చ రెట్ట చూడగానే కొక్కెర అనుకోవడం కూడా తొందరే. రెండు రోజులు మేత మానేసిన ఏ కోడి అయినా పచ్చగానే వేస్తుంది. పచ్చటి నీళ్ళ పారుడుతో పాటు నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ తిరగడం, కాలూ రెక్కా పడిపోవడం, పక్కింటివాళ్ళ కోళ్ళు కూడా చస్తుండడం చూస్తే మాత్రం కొక్కెరను అనుమానించండి. పసుపు పచ్చ పారుడు, తురాయి ఊదారంగుకు తిరగడం, తమ్మెలు ఉబ్బడం, నిన్న సాయంత్రం తిన్న పెట్ట పొద్దున్నే చచ్చి పడి ఉండడం కోళ్ళ కలరా వైపు చూపిస్తాయి. దానికి యాంటీబయాటిక్ పనిచేస్తుంది, ఏది, ఎంత అన్నది పశువైద్యుడు చెప్పాలి.

వారం లోపు పిల్లల్లో తెల్లటి పారుడు, వెనక భాగం అంటుకుపోవడం పుల్లోరం అనే బాక్టీరియా రోగం కావచ్చు, ఇది పెట్ట నుంచి గుడ్డు ద్వారా వస్తుంది. అంటుకున్నదాన్ని లాగితే చర్మం ఊడుతుంది, గోరువెచ్చని నీళ్ళతో నానబెట్టి తుడవండి. బతికిన పిల్లలూ రోగాన్ని మోస్తూనే ఉంటాయి కాబట్టి ఆ పెట్ట గుడ్లు మళ్ళీ పొదిగించకండి.

మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లలు రెక్కలు దించి, ఈకలు ఉబ్బించి, కళ్ళు మూసుకుని మూలన నిలబడి, రెట్టలో రక్తం కనిపిస్తే ఆ పూటే మందు మొదలుపెట్టండి, రేపటికి ఆగొద్దు.

రక్త పారుడుకు మందు కొలత

ఆంప్రోలియం 20 శాతం పొడి తీసుకోండి. మొదటి విడత ఐదు రోజులు, లీటరుకు 1.2 గ్రాములు, అంటే 5 లీటర్ల నీళ్ళకు 6 గ్రాములు. ఇంట్లో అంత చిన్న తూకం ఉండదు. నగల కొట్టులోనో మందుల షాపులోనో 30 గ్రాములను 6 గ్రాముల పొట్లాలు ఐదుగా కట్టించుకోండి, రోజుకు ఒక పొట్లం. ఆ తర్వాత వారం నుంచి రెండు వారాలు 5 లీటర్లకు 1.5 గ్రాములు. చెంచా కొలతను నమ్మకండి, ఒక్కో కంపెనీ పొడి ఒక్కోలా కుదురుకుంటుంది. డబ్బా మీద 20 శాతం కాక వేరే సంఖ్య ఉంటే ఈ లెక్క పనికిరాదు.

రోజూ కొత్తగా కలిపి మిగిలింది పారబోయండి. వాన నీటి గుంటలు, పశువుల తొట్టి అందకుండా పిల్లల్ని లోపలే ఉంచండి, వేరే నీళ్ళు దొరికితే మందు నీళ్ళ జోలికి పోవు. జబ్బు పిల్ల మేత మానేసినా నీళ్ళు తాగుతుంది, అందుకే ఈ మందు మేతలో కంటే నీళ్ళలోనే బాగా చేరుతుంది. మొదటి ఐదు రోజులు బి-కాంప్లెక్స్ టానిక్ ఇవ్వకండి. ఆంప్రోలియం పనిచేసేదే పరాన్నజీవికి బి1 విటమిన్ అందకుండా అడ్డుపడి. టానిక్ పోస్తే మందు బలం తగ్గుతుంది. రక్త పారుడుకు వాడే సల్ఫా మందులు గుడ్లు పెట్టే పెట్టలకు వద్దు.

నీరసించినవాటికి ఓఆర్ఎస్ పాకెట్టును ఒక లీటరులో కాక రెండు లీటర్లలో కలపండి. కోళ్ళకు ఉప్పు ఎక్కువైతే విషమే. ఒక పూట ఇచ్చి, తర్వాతి పూట మామూలు మందు నీళ్ళకు మారండి.

మేతసంచి గట్టిపడితే

పారుడు లేకుండా కోడి మెడ చాచి మింగుతున్నట్టు చేస్తుంటే తెల్లవారుజామున మేత వేయకముందు మెడ కింది మేతసంచి తడిమి చూడండి. రాత్రంతా అరిగి అది ఖాళీగా ఉండాలి. గట్టి ముద్దలా ఉంటే పొడుగు గడ్డి పోచలు, గోనె నారలు అడ్డుపడ్డాయి. రెండు మూడు మిల్లీలీటర్ల కొబ్బరి నూనె పోసి, ఐదు నిమిషాలు మెల్లగా పిసకండి, రోజుకు మూడు నాలుగుసార్లు. మెత్తగా నీళ్ళ తిత్తిలా ఉండి నోరు పులిసిన వాసన కొడితే ఒక రోజు మేత ఆపి నీళ్ళు మాత్రమే ఇవ్వండి. తలకిందులు చేసి కక్కించే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. దానివల్ల కక్కు గాలిగొట్టంలోకి పోయి చచ్చే కోళ్ళే ఎక్కువ. రెండు రోజుల్లో సంచి కరగకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఇసుక, సన్న గులకలు ఎప్పుడూ అందుబాటులో ఉంచితే కందనకాయకు పని సులువవుతుంది.

చచ్చిన కోడిని ఏం చేయాలి

ఒకటి రెండు పిల్లలు చస్తే పాలిథిన్ సంచిలో కట్టి, ఐసు మధ్య పెట్టి, అదే రోజు పశువైద్యశాలకు చేర్చండి. ముడ్డిపేగులు రక్తంతో ఉబ్బి ఉంటే చూసిన మాత్రాన చెప్పగలరు. గడ్డకట్టించకండి. ఒకే రోజు గూడు సగం ఖాళీ అయితే మాత్రం కోసి చూడొద్దు, బర్డ్ ఫ్లూ కావచ్చు. ముట్టుకోకుండా 1962 సంచార పశువైద్య సేవకు ఫోన్ చేయండి, లేదా బ్లాక్ పశువైద్యాధికారికి చెప్పండి. చావబోతున్న కోడిని కోసి కూర వండడం, ఈకలు, పేగులు గెడ్డలో పారేయడం ఊరంతటికీ రోగం పంచడమే. నీళ్ళ జాడ లేని చోట మూడడుగుల గొయ్యి తీసి, కింద పైన సున్నం చల్లి పూడ్చండి. కుక్కలు తవ్వకుండా పైన రాళ్ళు పెట్టండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడగండి, కొక్కెర మనుషుల కళ్ళను కూడా ఎర్రబరుస్తుంది, పుల్లోరం జాతి క్రిములు కొన్ని మన కడుపునూ పాడుచేస్తాయి.