ఇంగ్లండ్‌లో టీచర్ ట్రైనింగ్: ఫారం తెరిచే ముందు ఒక స్కూల్లో కూర్చోండి

మావారి ఉద్యోగం మీద డిపెండెంట్‌గా ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో, బాబుని స్కూల్లో దింపి ఇంటికొస్తే మధ్యాహ్నం మూడింటిదాకా ఏం చేయాలో తోచేది కాదు. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి, ఖమ్మంలో ఒక ప్రైవేట్ హైస్కూల్లో రెండేళ్లు పాఠాలు చెప్పి వచ్చినదాన్ని. ఇక్కడ టీచర్ కావాలంటే ఏం చేయాలని అడిగితే తలా ఒక మాట చెప్పారు. యూకాస్‌లో, అంటే యూనివర్సిటీ సీట్లకి అప్లై చేసే వెబ్‌సైట్‌లో, అప్లై చేయాలన్నారు ఒకరు, ట్రైనింగ్‌కి ముందు లెక్కలు, ఇంగ్లిష్‌లో స్కిల్స్ టెస్టులు పాసవ్వాలన్నారు ఇంకొకరు. రెండూ పాత మాటలే. ఆ స్కిల్స్ టెస్టులు 2020లోనే తీసేశారు. ఇంగ్లండ్‌లో పోస్ట్‌గ్రాడ్యుయేట్ టీచర్ ట్రైనింగ్‌కి ఇప్పుడు అప్లికేషన్ నేరుగా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే పెట్టాలి, దానికి ఫీజు లేదు. స్కాట్లండ్, వేల్స్ పద్ధతులు వేరు. నేను రాసేదంతా ఇంగ్లండ్ గురించే.

ముందుగా బీఎడ్ ఉన్నవాళ్లకి ఒక మాట. మీరు ఇండియాలో బీఎడ్ చేసి, 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకి మ్యాథ్స్ గానీ సైన్స్ గానీ కనీసం ఒక విద్యాసంవత్సరం చెప్పి ఉంటే, మళ్లీ ట్రైనింగ్ కోర్సు చేయాల్సిన పని ఉండకపోవచ్చు. ఇక్కడ టీచర్‌కి ఉండే అర్హతని క్యూటీఎస్ అంటారు. విదేశాల్లో శిక్షణ పొందినవాళ్లు దానికి నేరుగా అప్లై చేసుకునే అవకాశం 2023 నుంచి ఇండియా వాళ్లకీ వచ్చింది. డబ్బు కట్టి ఏడాది కోర్సులో చేరాక ఈ సంగతి తెలిసి బాధపడినవాళ్లని చూశాను. అందుకే ముందు ఆ దారి మీకు పనికొస్తుందేమో చూసుకోండి. నాకు బీఎడ్ లేదు కాబట్టి పీజీసీఈ, అంటే డిగ్రీ తర్వాత చేసే ఏడాది టీచర్ ట్రైనింగ్ కోర్సు, ఆ దారిలోనే వెళ్లాను.

డబ్బు సంగతి కూడా మొదట్లోనే తేల్చుకోవాలి. 2025-26లో ఇక్కడి విద్యార్థులకి ఫీజు 9,535 పౌండ్ల దాకా ఉంది. విదేశీ విద్యార్థుల ఫీజు దానికన్నా బాగా ఎక్కువ. డిపెండెంట్ వీసా మీద చదువుకోవచ్చు, దానికి వేరే స్టూడెంట్ వీసా అక్కర్లేదు. కానీ చదువుకోవచ్చు అన్నంత మాత్రాన ఇక్కడివాళ్ల ఫీజే పడుతుందని కాదు. మామూలుగా దానికి ఐఎల్‌ఆర్ లాంటి శాశ్వత నివాస హక్కు, దాంతోపాటు మూడేళ్లు ఇక్కడే ఉండి ఉండటం చూస్తారు. స్టూడెంట్ లోన్‌కీ అంతే. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, కంప్యూటింగ్ వాళ్లకి 2025-26లో 29,000 పౌండ్ల బర్సరీ, అంటే తిరిగి కట్టక్కర్లేని సాయం, ఉందని వినగానే అందరికీ ఆశ పుడుతుంది. అదీ చాలా సబ్జెక్టుల్లో ఈ హోదా ఉన్నవాళ్లకే. ఆఫర్ వచ్చేదాకా ఆగకుండా, మీ వీసా వివరాలు రాసి నాకు ఏ ఫీజు పడుతుందని యూనివర్సిటీకి ముందే మెయిల్ పెట్టండి. జీతం ఇస్తూ ట్రైనింగ్ ఇచ్చే కోర్సులూ ఉన్నాయి. వాటికి ఫీజు ఉండదు, ఉద్యోగం చేసే హక్కున్న డిపెండెంట్లకి మంచి దారి. సీట్లు మాత్రం తక్కువ, పోటీ ఎక్కువ. మేము లెక్కలేసుకుని ఐఎల్‌ఆర్ వచ్చేదాకా ఆగాం. ఆ ఆగిన కాలమే నాకు మేలు చేసింది.

ఎలాగంటే, ఊరికే కూర్చోలేక బాబు స్కూల్లోనే వారానికి రెండు పొద్దులు వాలంటీర్‌గా చేరాను. పిల్లలు చదువుతుంటే పక్కన కూర్చుని వినడం నా పని. ఒకరోజు ఇయర్ ఫోర్ క్లాసులో, అంటే ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లల క్లాసులో, భిన్నాలు చెబుతున్నారు. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? పిల్లలందరి దగ్గరా పలకంత చిన్న వైట్‌బోర్డులు ఉన్నాయి. టీచర్ చూపించండి అనగానే ముప్పై బోర్డులూ ఒక్కసారి పైకి లేచాయి. సగానికి పైగా నాలుగో వంతు అనే రాశారు, మూడు కన్నా నాలుగు పెద్దది కాబట్టి. నేనైతే తప్పు అని చెప్పి రూలు బోర్డు మీద రాసేదాన్ని. ఆవిడ తప్పు అనలేదు. అందరికీ ఒకే పొడవున్న రెండేసి కాగితం ముక్కలు ఇచ్చి, ఒకటి మూడు మడతలు, ఇంకొకటి నాలుగు మడతలు వేయమన్నారు. మడతలు పక్కపక్కన పెట్టి చూసిన ఒక పాప, ఎవరూ అడక్కుండానే తన బోర్డు తుడిచేసి మళ్లీ రాసింది.

ఇక్కడ పాఠం అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. టీచర్ ఎంత చెప్పింది అన్నది కాదు, పిల్లల బుర్రలో ఏముందో టీచర్‌కి ఎలా తెలిసింది అన్నదే వాళ్లు చూస్తారు. కొత్తవాళ్లకి నేను చెప్పే మొదటి సలహా అదే. ముందు ఏదో ఒక స్కూల్లో కూర్చోండి. వాలంటీర్‌గా అయినా సరే, టీచింగ్ అసిస్టెంట్‌గా అయినా సరే, నాలుగు రోజులు వెనక బెంచీలో కూర్చుని చూడటానికైనా సరే. అడిగితే చాలా స్కూళ్లు కాదనవు. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, ఆఫీసులో వెళ్లి అడగండి.

పర్సనల్ స్టేట్‌మెంట్ 1,000 పదాల లోపు రాయాలి. మనవాళ్లు రాసినవి చాలా చదివాను. డిస్టింక్షన్, గోల్డ్ మెడల్, చిన్నప్పటినుంచీ టీచర్ కావాలన్న కోరిక, గురువుల గొప్పదనం, వీటితోనే సగం నిండిపోతుంది. మీ డిగ్రీ సంగతి ఫారంలో వేరే చోట ఎలాగూ ఉంటుంది. నేను ఆ కాగితం మడతల గురించి రాశాను, అది చూశాక ఖమ్మంలో నేను చెప్పిన పాఠాల్లో ఏది మార్చుకుంటానో రాశాను. ఇండియాలో చెప్పిన అనుభవాన్ని దాచుకోకండి. అరవై మంది ఉన్న క్లాసు నడిపినవాళ్లకి ఉండే ఓపిక, పట్టు చిన్న విషయం కాదు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడే పిల్లల ఇబ్బంది మనకి తెలిసినంతగా చాలామందికి తెలియదు, అదీ రాయండి.

అప్లికేషన్లు అక్టోబర్‌లో మొదలవుతాయి. ఒకేసారి నాలుగు కోర్సుల దాకా పెట్టుకోవచ్చు. సీట్లు నిండితే కోర్సు మూసేస్తారు కాబట్టి వేసవిదాకా నాన్చకండి. ప్రభుత్వం నడిపే గెట్ ఇంటు టీచింగ్ వాళ్లు ఉచితంగా ఒక అడ్వైజర్‌ని ఇస్తారు, తప్పకుండా వాడుకోండి.

ఇక కాగితాలు. డిగ్రీతో పాటు ఇంగ్లిష్, మ్యాథ్స్‌లో జీసీఎస్‌ఈ, అంటే ఇక్కడ పదహారేళ్ల పిల్లలు రాసే పరీక్ష, అందులో నాలుగో గ్రేడుకి సమానమైన అర్హత ఉండాలి. ప్రైమరీకైతే సైన్స్ కూడా. మనకి దీనికి పనికొచ్చేది పదో తరగతి మెమో. మన చదువు ఇక్కడ దేనికి సమానమో చెప్పే పత్రం యూకే ఎనిక్ ఇస్తుంది. దాంతో సరిపెట్టుకోని కోర్సులు ఈక్వివలెన్సీ టెస్ట్ రాయమంటాయి. అది విని టెన్షన్ పడొద్దు, పదో తరగతి లెక్కలు మళ్లీ తిరగేస్తే చాలు. ఒరిజినల్ డిగ్రీ తీసుకోకుండా ప్రొవిజనల్‌తోనే విమానం ఎక్కేసినవాళ్లు మనలో ఎంతోమంది. ఓడీకి ఇప్పుడే అప్లై చేసి, అమ్మానాన్నలకో తమ్ముడికో ఆ పని అప్పజెప్పండి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పేరుతో వస్తుంది. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, డిగ్రీలో ఇంటిపేరు పూర్తిగా ముందు, పాస్‌పోర్టులో అదే చివర, పెళ్లయ్యాక కొందరికి భర్త ఇంటిపేరు. ఇదంతా ఒకే మనిషి అని మనకి చూడగానే తెలుస్తుంది. ఇక్కడివాళ్లకి వీళ్లు ముగ్గురు మనుషుల్లా కనిపిస్తారు. నా ఫైలు ఒక చోట ఐదు వారాలు ఆగిపోయింది దీనివల్లే. పెళ్లి సర్టిఫికెట్, పాత పాస్‌పోర్టు, ఇద్దరూ ఒకరే అన్న అఫిడవిట్ ముందే సిద్ధం చేసుకోండి. ఆఫర్ తర్వాత జరిగే డీబీఎస్ చెక్‌లో, అంటే మన మీద నేరాలేమైనా ఉన్నాయేమో చూసే తనిఖీలో, ఇంతకుముందు వాడిన పేర్లన్నీ రాయాలి. ఇండియాలో ఉండి వచ్చాం కాబట్టి అక్కడి పోలీస్ క్లియరెన్స్ కూడా అడుగుతారు. దానికి వారాలు పట్టొచ్చు.

ఇంటర్వ్యూలో చిన్న పాఠం చెప్పించడం మామూలే. నా మొదటి ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాల పాఠం ఇచ్చారు. మూడు లెక్కలు బోర్డు మీద ముత్యాల్లా చేసి చూపించాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. సీటు రాలేదు. పాఠమంతా నేనే మాట్లాడానని, పిల్లలకి ఏం వచ్చిందో తెలుసుకునే ప్రయత్నం కనబడలేదని చెప్పారు. స్కూల్లో అంత చూసి కూడా టెన్షన్‌లో పాత అలవాటే ముందుకొచ్చింది. రెండోసారి ఒక్కటే లెక్క పెట్టుకున్నాను, మిగతా టైమంతా పిల్లల బోర్డులు చూస్తూ, అలా ఎందుకనుకున్నావని అడుగుతూ గడిపాను. ఈసారి వచ్చింది. ఇంట్లో అద్దం ముందు కాకుండా, తెలిసినవాళ్ల పిల్లల్ని కూర్చోబెట్టుకుని ప్రాక్టీస్ చేయండి.

పిల్లల్ని హాని నుంచి కాపాడటాన్ని ఇక్కడ సేఫ్‌గార్డింగ్ అంటారు, దాని మీద ప్రశ్న రాకుండా ఉండదు. ఒక పిల్లవాడు వచ్చి, ఒక విషయం చెబుతాను, ఎవరికీ చెప్పనని మాటివ్వండి మిస్ అంటే ఏం చేస్తారు? మనకి వెంటనే వచ్చే జవాబు, సరే నాన్నా చెప్పు అని దగ్గరికి తీసుకోవడం, తర్వాత వాళ్లమ్మకి ఫోన్ చేయడం. ప్రేమతోనే అంటాం. కానీ ఆ పిల్లవాడిని బాధపెడుతున్నది ఇంట్లోవాళ్లే అయితే? అందుకే రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకూడదు. ఆ మాట మెత్తగా చెప్పి, ఓపికగా వినాలి, మన మాటలు వాడి నోట్లో పెట్టకూడదు, వాడన్నది అన్నట్టుగా రాసి, స్కూల్లో ఆ బాధ్యత చూసే వ్యక్తికి ఆ రోజే అప్పగించాలి. కీపింగ్ చిల్డ్రన్ సేఫ్ ఇన్ ఎడ్యుకేషన్ అనే ప్రభుత్వ పత్రంలో మొదటి భాగం చదివి వెళ్లండి. నా ఉద్దేశంలో ఇంటర్వ్యూ కోసమే కాదు, ఇక్కడ పిల్లల్ని పెంచే ప్రతి అమ్మా నాన్నా చదవాల్సింది అది.

సీటొచ్చాక మొదలయ్యే 36 వారాల్లో కనీసం 28 వారాలు స్కూళ్లలోనే ఉంటారు, అదీ ఒక్క స్కూల్లో కాదు. రెండో స్కూలు బస్సు సరిగా లేని ఊళ్లో పడొచ్చు, పొద్దున ఏడున్నరకే అక్కడ ఉండాలి. మీ పిల్లలకి, బడి మొదలయ్యేముందు చూసుకునే బ్రేక్‌ఫస్ట్ క్లబ్‌లో చోటు ముందే అడిగి పెట్టుకోండి. ఇండియా లైసెన్స్ మీద ఇక్కడ స్థిరపడిన మొదటి 12 నెలలే కారు నడపొచ్చు. డ్రైవింగ్ టెస్టు తేదీలు తొందరగా దొరకవు, కాబట్టి టీచర్ ట్రైనింగ్ అప్లికేషన్ పెట్టిన వారంలోనే డ్రైవింగ్ ప్రొవిజనల్ లైసెన్స్‌కి, అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్స్‌కి, కూడా పెట్టేయండి.