బాల్కనీలో లూప్ యాంటెన్నా: నా అనుభవం

కూకట్‌పల్లిలో మాది నాలుగో అంతస్తు. నా హామ్ రేడియో (అభిరుచిగా సందేశాలు పంపి, అందుకునే రేడియో) యాంటెన్నా కోసం మేడపైన తీగ కట్టడానికి అపార్ట్‌మెంట్ సంఘం ఒప్పుకోలేదు. నేను వాడే 14 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీకి మామూలు డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే తిన్నని తీగ యాంటెన్నా) అంటే దాదాపు 10 మీటర్ల తీగ కావాలి. మా బాల్కనీ అందులో మూడో వంతు కూడా లేదు. అందుకే రాగి గొట్టాన్ని మీటరు వ్యాసం వలయంగా వంచి, రెండు కొసల మధ్య గాలి కెపాసిటర్ (తిప్పుతూ వలయాన్ని కావలసిన ఫ్రీక్వెన్సీకి సరిచేసే భాగం) బిగించాను. లోపల ఇంకో చిన్న వలయం పెట్టి దానికి రేడియో కేబుల్ కలిపాను.

పనిచేసింది గానీ, రిసీవర్ నిండా ఒకటే గరగర. మెయిన్ స్విచ్ ఆపి రేడియోను బ్యాటరీతో నడిపితే చాలావరకు తగ్గింది. స్విచ్‌లు ఒక్కొక్కటే వేస్తూ పోతే హాల్లోని ఎల్‌ఈడీ దీపం, ఒక ఫోను చార్జర్ దొరికాయి. రెండూ మార్చేశాను. మిగిలిన రొద లిఫ్టు గది నుంచి వస్తోంది.

ఈ యాంటెన్నా గొప్పతనం అక్కడే తెలిసింది. నిలువుగా నిలిపిన వలయం అంచుల దిశలో బాగా వింటుంది. దాని ముఖానికి ఎదురుగా వచ్చేదాన్ని దాదాపు పట్టించుకోదు. మెల్లగా తిప్పుతూ ఆ ముఖాన్ని లిఫ్టు వైపు పెట్టగానే గరగర అణిగి, మోర్స్ సంకేతాలు తేటగా పైకి తేలాయి. ఎంత సంతోషమో! కేబుల్‌ను ఫెరైట్ రింగుకు (కేబుల్ వెంట వచ్చే రొదను అడ్డుకునే అయస్కాంత పదార్థపు ఉంగరానికి) చుట్టడం ఇంకాస్త మేలు చేసింది.

ఫ్రీక్వెన్సీ కొంచెం జరిపినా కెపాసిటర్‌ను మళ్లీ సరిచేయాలి, ఓపిక కావాలి. 10 వాట్లతో ప్రసారం చేసినా కెపాసిటర్ మీద వెయ్యి వోల్టులు దాటుతాయి. అందుకే పొడవైన ప్లాస్టిక్ కడ్డీతో తిప్పుతాను. పిల్లలున్న ఇంట్లో బాల్కనీ తలుపు గడియ పెట్టాకే ప్రసారం మొదలుపెట్టండి.