యూకేలో మాస్టర్స్‌కి కొత్తగా వచ్చారా? సొసైటీలు, ఈవెంట్లు, ఒక పులిహోర సంగతి

"యూనియన్‌లో చేరాను నాన్నా" అని ఫోన్‌లో చెప్పగానే అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "ఇంత లోను తీసి పంపింది ధర్నాలు చేయడానికా?" అన్నారు. ఆయన తప్పేం లేదు. మన దగ్గర కాలేజీ, యూనియన్ అనే రెండు మాటలు పక్కపక్కన వినిపిస్తే బంద్‌లే గుర్తొస్తాయి.

ఇక్కడి స్టూడెంట్స్ యూనియన్ వేరు. అడ్మిషన్ తీసుకున్న ప్రతి ఒక్కరూ మామూలుగా అందులో సభ్యులైపోతారు. వద్దనుకుంటే బయటికి వచ్చే హక్కు 1994 నాటి ఎడ్యుకేషన్ యాక్ట్‌లోనే ఉంది. చాలా యూనియన్లు చారిటీగా నడుస్తాయి, జీతాలు తీసుకునే సిబ్బంది ఉంటారు. క్యాంపస్‌లో బార్, షాపు, ఇంటి ఓనర్‌తో గొడవొస్తే సలహా చెప్పే డెస్క్ చాలాచోట్ల వాళ్ళవే. సొసైటీలూ వాళ్ళ కిందే ఉంటాయి. మనకి సొసైటీ అంటే పాల సొసైటీ, హౌసింగ్ సొసైటీ. ఇక్కడ చెస్ ఆడేవాళ్ళది ఒకటి, పర్వతాలెక్కేవాళ్ళది ఒకటి, జున్ను రుచి చూసేవాళ్ళది కూడా ఒకటి.

మాస్టర్స్ వాళ్ళకి అసలు ఇబ్బంది సమయంతోనే. కోర్సు ఏడాది. సెప్టెంబరులో దిగుతారు. ఇల్లు, బ్యాంకు ఖాతా, పార్ట్‌టైమ్ వేట అయ్యేసరికి అక్టోబరు చివరి ఆదివారం వచ్చేస్తుంది. ఆ రోజు గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. డిసెంబరుకి సాయంత్రం నాలుగింటికే చీకటి. అప్పటిదాకా ఏ గుంపులోనూ కలవనివాళ్ళు చలికాలమంతా గదిలో రైస్ కుక్కర్‌తో మాట్లాడుకోవడం నేను కళ్ళారా చూశాను. మొదటి నెల నేనూ ఆ కోవలోనే ఉన్నాను. అందుకే సొసైటీలన్నీ స్టాళ్ళు పెట్టి కొత్తవాళ్ళని చేర్చుకునే ఫ్రెషర్స్ ఫెయిర్‌ని పెన్నులు, పిజ్జా కూపన్లు ఏరుకోవడానికి వాడకండి. ఒక ఆటది, ఒక సరదాది, రెండు సొసైటీల మెయిలింగ్ లిస్టుల్లో పేరు రాయండి. మొదటి రెండు మూడు వారాలు చాలా క్లబ్బులు ఉచితంగా రానిస్తాయి. డబ్బు కట్టేది తర్వాత. మామూలు సొసైటీలకి కొన్ని పౌండ్లు చాలు. ఆటల క్లబ్బులకి ఎక్కువవుతుంది, ముందే అడగండి. జనవరి ఇన్‌టేక్‌లో వచ్చినవాళ్ళకీ చిన్న ఫెయిర్ ఒకటి పెడతారు, రీఫ్రెషర్స్ అంటారు.

క్రికెట్ ఆడేవాళ్ళకి ఒక మాట. చలికాలమంతా ఇండోర్ నెట్స్, బయట మ్యాచులు ఏప్రిల్ నుంచి. యూనివర్సిటీల మధ్య పోటీలు ఎక్కువగా బుధవారం మధ్యాహ్నాలు జరుగుతాయి. అందుకే చాలా చోట్ల ఆ పూట క్లాసులు పెట్టరు. టైమ్‌టేబుల్‌లో ఆ ఖాళీ చూసి గోదాములో షిఫ్టు ఒప్పేసుకుంటారు మనవాళ్ళు. ఒకసారి ఆలోచించండి.

మనమే ఒకటి చేయాలనుకుంటే

మొదటి నెలలోనే ఎవరో ఒకరు అంటారు, "తెలుగు సొసైటీ పెడదాం మచ్చా" అని. పెట్టొచ్చు. యూనియన్ అడిగినంత మంది సంతకాలు, రాజ్యాంగం లాంటి ఒక కాగితం, కనీసం ప్రెసిడెంట్, సెక్రటరీ, ట్రెజరర్ ఉండాలి. కానీ ఇండియన్ సొసైటీ ముందే ఉంటే, "దానికీ దీనికీ తేడా ఏంటి?" అని యూనియన్ అడుగుతుంది. నా సలహా ఏంటంటే మొదటి ఏడాది ఇండియన్ సొసైటీ కిందే ఒక తెలుగు సాయంత్రం చేయండి. వాళ్ళ దగ్గర ఖాతా ఉంటుంది, బడ్జెట్ ఉంటుంది, ఫారాలు నింపడం తెలిసినవాళ్ళుంటారు. భాంగ్రా, బాలీవుడ్ మధ్య మనకి ఒక్క ఐటమే ఇస్తారని అలగడం ఎందుకు? కమిటీలో ఒకరు మనవాళ్ళుంటే చాలు. ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. కమిటీ ఎన్నికలు సాధారణంగా వసంతంలో, రాబోయే ఏడాదికోసం జరుగుతాయి. మీరు గెలిచేసరికి మూటాముల్లె సర్దుకునే టైమ్ వస్తుంది. అక్టోబరులో ఖాళీ పోస్టులకి చిన్న ఎన్నిక ఉంటుంది, ఏడాది కోర్సువాళ్ళకి దొరికే తలుపు అదే.

ఏ పండగ ఎంచుకోవాలన్నది కూడా తేలిక కాదు. సంక్రాంతికి చాలా చోట్ల పరీక్షలు, పైగా తడి నేల మీద గాలిపటం. ఉగాది ఒక్కోసారి ఈస్టర్ సెలవుల్లో పడుతుంది, క్యాంపస్ ఖాళీగా ఉంటుంది. బతుకమ్మ మాత్రం సరిగ్గా కొత్తవాళ్ళు దిగే రోజుల్లో వస్తుంది. తంగేడు పూలు దొరకవు. సూపర్‌మార్కెట్‌లో చామంతులు దొరుకుతాయి, సాయంత్రం మిగిలిపోయినవి సగం ధరకి అమ్ముతారు. పేర్చిన బతుకమ్మని క్యాంపస్ చెరువులో వదిలేద్దామని మాత్రం అనుకోకండి. ప్లాస్టిక్ టబ్బు కొనుక్కోండి.

ఇంటి దగ్గర కల్చరల్స్ ఎలా చేశామో గుర్తుందా? ముందు రోజు సాయంత్రం కాలేజీ ఏవో (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) గారిని పట్టుకుని ఆడిటోరియం తాళాలు తీయించి, రాత్రికి రాత్రి షామియానా వేయించి, పొద్దున్నే మైకు టెస్టింగ్. ఇక్కడ ఆ పద్ధతి నడవదు. రూమ్ బుకింగ్‌కి వారాల ముందు మెయిల్ పెట్టాలి. బయటినుంచి ఎవరైనా మాట్లాడటానికి వస్తే దానికో ఫారం. వీటన్నిటికీ మించి రిస్క్ అసెస్‌మెంట్.

అదొక పట్టిక. ఏం ప్రమాదం జరగొచ్చు, ఎవరికి, జరిగే అవకాశం ఒకటి నుంచి ఐదులో ఎంత, జరిగితే తీవ్రత ఎంత, ఆ రెండూ గుణిస్తే ఎంత, తగ్గించడానికి మీరేం చేస్తారు. నేను మొదటిసారి "ప్రమాదాలేమీ లేవు" అని రాసి పంపాను. అరగంటలో తిరిగొచ్చింది. జ్యోతి ప్రజ్వలన అని ప్రోగ్రామ్‌లో ఉంది కదా, గదిలో నిప్పా అని అడిగారు. చివరికి బ్యాటరీతో వెలిగే చిన్న దీపాలు కొన్నాం. ముఖ్య అతిథిగా వచ్చిన ప్రొఫెసర్ గారు ఎంతో గంభీరంగా ముందుకొచ్చి స్విచ్ నొక్కారు. హాలంతా చప్పట్లు. వంద కుందులు వెలిగించినా అన్ని చప్పట్లు పడేవి కావేమో.

ఇక పులిహోర. ఆహారం పెడుతున్నామంటే యూనియన్ వాళ్ళు అలర్జీల షీటు అడిగారు. ఇక్కడి చట్టంలో తప్పక చెప్పాల్సిన పదార్థాలు పద్నాలుగు. ఏముంది, చింతపండు, అన్నం, పోపు, ఏ అలర్జీ లేదు అని రాశాను. కిచెన్ చూసుకునే ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పోపు గిన్నెలో ఏమేం వేస్తావో చెప్పమంది. వేరుశనగలు. ఒకటి. జీడిపప్పు. రెండు. ఆవాలు అనగానే పెన్ను ఆగింది. ఆవాలు ఆ పద్నాలుగులో ఉన్నాయట! ఆవాల్లేని పోపు ఎక్కడైనా ఉంటుందా? తర్వాత ఇంగువ డబ్బా తిప్పి చూపించింది. వెనక చిన్న అక్షరాల్లో గోధుమపిండి. ఇరవై నాలుగేళ్ళు తిన్నాను, ఇంగువలో గోధుమపిండి కలుపుతారని నాకు తెలీదు. గోధుమ పడని పిల్లవాడెవడైనా "అన్నమే కదా" అని తినేస్తే ఏమయ్యేదో అప్పుడర్థమైంది. ఆ ఫారాల మీద అప్పటిదాకా ఉన్న చిరాకు ఆ సాయంత్రంతో సగం పోయింది. మిగతా సగం ఇంకా ఉంది, అబద్ధమెందుకు.

ఆ షో ఆరింటికి. మనవాళ్ళు ఏడుంబావుకి వచ్చారు, పట్టుచీరలు కట్టుకోవడానికి టైమ్ పడుతుంది మరి. తొమ్మిదింటికి సెక్యూరిటీ ఆయన వచ్చి, నవ్వుతూనే, లైట్లు ఆర్పేశాడు. స్కిట్‌లో పెళ్ళికొడుకు పీటల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. బతిమాలితే పది నిమిషాలు ఇస్తారనుకున్నాం, ఇవ్వలేదు. అప్పటినుంచి మా పోస్టర్లలో ఐదున్నర అని వేస్తున్నాం. హాలు సర్దడానికి చివర్లో అరగంట కూడా బుకింగ్‌లోనే కలుపుకోండి.

డబ్బు ఎవరి సొంత ఖాతాలోకీ రానివ్వకండి. "నాకు కొట్టేయండి, తర్వాత లెక్క చూసుకుందాం" అనే స్నేహితుడు ఎంత మంచివాడైనా సరే. టికెట్లు యూనియన్ వెబ్‌సైట్‌లో అమ్మండి, ఖర్చులకి బిల్లులు దాచండి. ఇండియన్ స్టోర్‌లో ఒట్టి కార్డు స్లిప్పు ఇస్తే సరిపోదు, ఏం కొన్నారో విడివిడిగా ఉన్న బిల్లు అడగండి. పాటలు వేస్తే ఆ హాలుకి మ్యూజిక్ లైసెన్స్ ఉందో లేదో కనుక్కోండి. కొత్త సినిమాని క్లాస్‌రూమ్ ప్రొజెక్టర్ మీద అందరికీ వేయడానికి, టికెట్ లేకపోయినా, విడిగా లైసెన్స్ కావాలి. ఓటీటీ సబ్‌స్క్రిప్షన్ అందుకు పనికిరాదు. ఇంగ్లండ్‌లో టపాసులు మామూలుగా రాత్రి పదకొండు దాటితే కాల్చకూడదు, దీపావళి రోజు మాత్రం ఒంటిగంట దాకా వెసులుబాటు ఉంది. ఎక్కడ కాల్చాలన్నది వేరే సంగతి, క్యాంపస్‌లో మాత్రం ఆశ పెట్టుకోకండి.

వీసా సంగతి, ఇది మాత్రం రెండుసార్లు చదవండి

డిగ్రీ, మాస్టర్స్ స్టూడెంట్ వీసాల మీద సాధారణంగా టర్మ్ రోజుల్లో వారానికి 20 గంటలే పని. వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. మాస్టర్స్ వాళ్ళకి వేసవిలో డిసర్టేషన్ రాసే నెలలు కూడా మామూలుగా టర్మ్ కిందే లెక్క, సెలవులని మోసపోకండి. సొసైటీ కమిటీలో పనిచేయడం వాలంటీరింగ్, అది ఈ లెక్కలోకి రాదు. కానీ జీతం లేకపోయినా ఉద్యోగిలా గంటలు, బాధ్యతలు రాసిచ్చి చేయించుకునే పని అయితే 20 గంటల్లోకి వస్తుంది. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. సందేహం ఉంటే ఇంటర్నేషనల్ ఆఫీసు వాళ్ళని అడగండి, సీనియర్ వాట్సాప్ గ్రూపుని కాదు.

మనవాళ్ళు ఎక్కువగా తెలియక పడే గుంత ఇంకొకటి. స్టూడెంట్ వీసా మీద ఎంటర్‌టైనర్‌గా పనిచేయకూడదు, ప్రొఫెషనల్ ఆటగాడిగా, కోచ్‌గా పనిచేయకూడదు, సొంత వ్యాపారం చేయకూడదు. మన సాయంత్రంలో ఊరికే కూచిపూడి ఆడటం వేరు. అది చూసి ఎవరో "మా పాప బర్త్‌డేకి డీజే వేస్తావా, వంద పౌండ్లిస్తాం" అంటే ఒప్పుకోవడం వేరు. గదిలో బిర్యానీ వండి డబ్బాలు అమ్మడం కూడా అంతే. మా బ్యాచ్‌లో ఒకతను వారాంతాల్లో పిల్లలకి క్రికెట్ నేర్పి డబ్బు తీసుకుంటూ, ఎవరో చెప్పాక టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రపోలేదు.

చివరగా అప్పగింతలు. సెప్టెంబరులో మీరు వెళ్ళిపోతారు, పాస్‌వర్డులూ ఫారాలూ మీ ల్యాప్‌టాప్‌తో వెళ్ళిపోతే కొత్తవాళ్ళు మళ్ళీ "ప్రమాదాలేమీ లేవు" దగ్గర మొదలుపెడతారు. ఒక ఫోల్డర్‌లో అన్నీ పెట్టి ఇచ్చేయండి. మా పులిహోర షీటు ఇప్పటికీ అక్కడ చేతులు మారుతోంది. కిందటిసారి చూసినప్పుడు ఎవరో అడుగున పెన్నుతో చేర్చారు: "నువ్వులు, పొడి వేస్తేనే. గుంటూరువాళ్ళని అడగండి."