మాటలన్నీ తెలిసినా వ్యాసం అర్థం కానప్పుడు: నా అనుభవం

పర్లాకిమిడిలో ఎం.ఏ. చదివేటప్పుడు ఇంగ్లీషు పరిశోధన వ్యాసంలో ప్రతి మాటా తెలిసేది, రచయిత వాదనే చిక్కేది కాదు. నిఘంటువు, అడ్డగోలుగా గీతలు, చదువుల రచనల్లో తరచూ వచ్చే ఇంగ్లీషు మాటల జాబితా అయిన అకడమిక్ వర్డ్ లిస్టులోని 570 పదకుటుంబాలు (ఒకే మూలపదం నుంచి వచ్చిన మాటల గుంపులు) బట్టీ పట్టడం, ఏదీ పనిచేయలేదు.

చివరికి 1936లో ఒడిశా ఏర్పాటుపై ఒక వ్యాసం తీసుకున్నాను. మొదట సారాంశం, వెంటనే ముగింపు చదివాను. తర్వాత ప్రతి పేరాలో మొదటి వాక్యం మాత్రమే. ఆపైన ‘హౌఎవర్’, ‘ఆల్దో’ వంటి మాటలకు పెన్సిలుతో సున్నాలు చుట్టాను. రచయిత ఇతరుల మాట ఆపి తన మాట ఎత్తుకునేది చాలాసార్లు అక్కడే! అప్పుడు పేరా అంతా చదివి, పేరా వైపు చూడకుండా, అంచున తెలుగులో ఒక్క వాక్యం రాశాను: ‘భాష ఒక్కటే కారణం కాదంటున్నాడు.’ ఆ వాక్యం రాయలేకపోతే పేరా మళ్లీ చదవాల్సిందే.

చరిత్ర, సమాజశాస్త్రాల్లో నాకిది కుదిరింది. విజ్ఞానశాస్త్ర వ్యాసాలకు కుదురుతుందని మాత్రం చెప్పలేను.