పాత చేతక్, వెస్పా స్కూటర్ల గేర్‌బాక్సు భాగాలను గుర్తించి జత కలపడం ఎలా?

పాత స్కూటరు గేర్‌బాక్సుకు విడిభాగం కావలసి వచ్చినప్పుడు చాలామంది దుకాణంలో బండి పేరు చెప్పి అడుగుతారు. పేరు ఒక్కటే చెబితే డబ్బు దండగయ్యే అవకాశమే ఎక్కువ. బజాజ్ చేతక్ 1972లో వెస్పా స్ప్రింట్ ఆధారంగా వచ్చి మూడు దశాబ్దాలకు పైగా తయారైంది. అంత కాలం నడిచి నలుగురి చేతులు మారిన బండిలో మొదటి ఇంజనే ఉందని, ఉన్నా లోపలి గేర్లు దానివేనని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే ముందుగా ఇంజను మీద కొట్టిన నంబరును రాసుకుని, దాన్ని బండి కాగితాలతో పోల్చి చూడండి. తేడా ఉంటే విడిభాగాల కోసం ఇంజను నంబరునే ఆధారం చేసుకోవాలి.

తరువాత అమరిక తెలియాలి. ఈ కుటుంబపు బళ్లలో క్లచ్‌తో పాటు తిరిగే చిన్న గేరు, అంటే క్లచ్ పినియన్, దానికి ఆనుకున్న పెద్ద ప్రైమరీ గేరును తిప్పుతుంది. దానికి అమర్చిన, చిన్నా పెద్దా నాలుగు గేర్లు ఒకే ముక్కగా ఉండే భాగాన్ని మల్టిపుల్ గేరు అంటారు. దానికి ఎదురుగా, వెనక చక్రాన్ని తిప్పే బోలు షాఫ్టు మీద నాలుగు విడి గేర్లు ఉంటాయి. షాఫ్టు లోపల నాలుగు చేతుల క్రాసు ఒకటి అటూ ఇటూ జరుగుతూ, ఏ గేరు లోపలి గాడిలో పడితే ఆ గేరును షాఫ్టుతో కలుపుతుంది. కాబట్టి ఇక్కడ ఏ భాగమూ ఒంటరిది కాదు. ఒకటి మార్చాలంటే దాని జతను కూడా పరిశీలించవలసిందే.

విప్పేటప్పుడు విడి గేర్లను తీసిన వరుసలోనే, ఏ ముఖం ఎటు ఉందో చెదరకుండా ఒక ఇనుప తీగకు గుచ్చి ఉంచండి. ఫోటో తీసుకున్నా సరే, తీగ కూడా ఉండాలి. క్రాసును పట్టి ఉంచే రాడ్డుకు ఎడమ మర ఉంటుందని గుర్తుంచుకోండి. మామూలు మర అనుకుని బలం చూపితే రాడ్డు పాడవుతుంది.

ఇప్పుడు అసలు పని, పళ్లు లెక్కపెట్టడం. కిరోసిన్‌తో కడిగి తుడిచిన గేరు మీద ఒక పంటికి సుద్దముక్కతో గుర్తు పెట్టి, అక్కడి నుంచి మళ్లీ అక్కడికి వచ్చేదాకా లెక్కించి, రెండోసారి ఎదురు దిశలో సరిచూసుకోవాలి. ఉదాహరణకు వెస్పా పీఎక్స్ 200లో మల్టిపుల్ గేరుకు వరుసగా 12, 13, 17, 21 పళ్లు, వాటి ఎదుటి విడి గేర్లకు 57, 42, 38, 35 పళ్లు ఉంటాయి. క్లచ్ పినియన్‌కు 23, ప్రైమరీ గేరుకు 65. 57ను 12తో, 65ను 23తో భాగించి, ఆ రెండింటినీ గుణిస్తే 13.42 వస్తుంది, అంటే మొదటి గేరులో ఇంజను 13.42 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. మీ దగ్గరున్న భాగాలతో ఇలాగే నాలుగు గేర్లకూ లెక్క కట్టి ఒక కాగితం మీద రాసుకుంటే, ఆ బండి గేర్‌బాక్సు మొత్తం మీ ముందు ఉన్నట్టే.

ఒక్క పన్ను తేడాను తేలిగ్గా తీసుకోకూడదు. పీఎక్స్ 200 నాలుగో గేరుకు 35 పళ్లుంటే, పీఎక్స్ 125, 150లలో దానికి 36 ఉంటాయి. రెండూ ఆ 21 పళ్ల గేరుతోనే కలిసి ఏ చప్పుడూ లేకుండా తిరుగుతాయి కాబట్టి, లెక్కపెడితే తప్ప ఏది బిగించారో తెలియదు. కొందరు ఎత్తు ఎక్కడానికి బలం చాలదని 36నే కోరి వేయించుకుంటారు, అది వేరే సంగతి. ప్రైమరీ వైపు మాత్రం ఇంత వెసులుబాటు లేదు. 22 పళ్ల క్లచ్ పినియన్లలో 67 పళ్ల ప్రైమరీకి ఒకటి, 68 పళ్ల ప్రైమరీకి ఒకటి ఉన్నాయి. చూడటానికి కవలలే, కానీ ఒకదాని బదులు మరొకటి వేస్తే రొద మొదలై పళ్లు అరిగిపోతాయి. అందువల్ల ఈ రెంటినీ జతగానే కొనడం మేలు.

పళ్లు కుదిరాక కొలతలు చూడాలి. వెర్నియర్ కాలిపర్‌తో ప్రతి విడి గేరు మందాన్నీ, లోపలి రంధ్రాన్నీ కొలిచి రాసుకోండి. క్రాసును గాజు పలక మీద పెట్టి చూడండి: చేతులు సమంగా ఆనే రకం ఒకటి, కాస్త వంగి లేచి ఉండే రకం మరొకటి. పాత షాఫ్టుకు ఏ రకం ఉందో కొత్తది కూడా అదే రకం కావాలి. చేతుల అంచులు పదునుగా, చదునుగా ఉండాలి. గుండ్రంగా అరిగితే యాక్సిలరేటర్ ఇవ్వగానే గేరు జారిపోతుంది. అప్పుడు గేర్ల లోపలి గాళ్ల అంచులను కూడా చూడకుండా క్రాసు ఒక్కటే మారిస్తే, అరిగిన గాళ్లు కొత్తదాన్ని త్వరలోనే తినేస్తాయి. బేరింగుల విషయంలో ఇంత శ్రమ అక్కరలేదు, వాటి మీద నంబరు చెక్కి ఉంటుంది.

పాత సామాను కోసం విజయవాడ ఆటోనగర్‌కో, సికింద్రాబాద్ రాణిగంజ్‌కో, చెన్నై పుదుప్పేటకో వెళ్లేవారు పాత భాగాన్నీ, కొలతల కాగితాన్నీ, కాలిపర్‌నూ వెంట తీసుకెళ్లి, డబ్బు ఇవ్వకముందే అక్కడే లెక్కపెట్టుకోవాలి. విజయ్ సూపర్, ఆల్విన్ పుష్పక్ వంటివి లాంబ్రెట్టా సంతతి. వాటి ప్రైమరీ చైనుతో నడుస్తుంది కాబట్టి వెస్పా గేర్లు వాటికి ఏ రకంగానూ పనికిరావు.

చివరగా, ఇంజను మూయకముందు విడి గేర్లను షాఫ్టు మీద అమర్చి, భుజం వాషరు, దాన్ని జారకుండా పట్టే సర్‌క్లిప్ వేసి, వాషరుకూ గేరుకూ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో, అంటే సన్నని కొలత రేకులతో కొలవండి. పీఎక్స్ కోవ బళ్లకు అది 0.15 నుంచి 0.40 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఎక్కువైతే మందమైన వాషరు వేయాలి, ఇవి 2.20 మిల్లీమీటర్ల నుంచి పెరిగే సైజుల్లో దొరుకుతాయి. సందు కుదిరాక క్రాసును చేత్తో జరుపుతూ నాలుగు గేర్లూ పడుతున్నాయని, మధ్యలో న్యూట్రల్ దగ్గర గేర్లన్నీ స్వేచ్ఛగా తిరుగుతున్నాయని చూసుకుని, ఇంజను మూసి 250 మిల్లీలీటర్ల ఎస్‌ఏఈ 30 నూనె పోయండి.